నాలుగో సినిమాలో జుట్టు

జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యం మీద ఒక మనిషి రెండేళ్ళ పాటు పండితుడిగా చలామణీ అయ్యాడు. వీధిలో అందరూ ఆయన్ని అరంగుళం అనే పిలుస్తారు. ముఖం మీదే పిలుస్తారు. ఆయన కూడా కత్తెర ఆపకుండా, "ఆఁ, చెప్పండి" అని పలుకుతాడు.

అరంగుళానికి యాభై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సందు మలుపులోనే సెలూన్. రెండు కుర్చీలు, వాటి ఎదురుగా గోడ పొడవునా అద్దం, వెనక గోడకి ఆనించి ఒక బెంచీ, మూలన పైన చిన్న టీవీ. అద్దం కింది అరలో దువ్వెనలు, నీళ్ళ స్ప్రే, పటిక ముక్క, ఎవరెవరో మర్చిపోయి వెళ్ళిన కళ్ళజోళ్ళు మూడు. చేతిపని చేసేవాళ్ళ గురించి రాసేవాళ్ళకి ఒక జబ్బుంది: ఆ చేతుల్లో ఏదో తపస్సు ఉందంటారు. అరంగుళాన్ని అడిగితే చేతుల్లో ఉన్నది బొటనవేలి నొప్పి, కాళ్ళలో ఉన్నవి ఉబ్బిన నరాలు అని చెప్తాడు. పని బాగా వచ్చు, అంతే. తల చూడగానే కిందటిసారి ఎప్పుడు కత్తిరించారో, ఎవరు కత్తిరించారో, ఆ కత్తిరించినవాడికి ఆ రోజు ఎంత తొందరగా ఉందో చెప్పేయగలడు. వేరే సెలూన్‌కి ఒక్కసారి వెళ్ళొచ్చిన పాతకాపులు మళ్ళీ ఆయన కుర్చీ ఎక్కడానికి జంకుతారు. ఆయన ఒక్క ముక్క అనడు. మెడ వెనక దువ్వెన ఆనించి, అద్దంలోంచి ఒక చూపు చూస్తాడు. అది చాలు, దొంగతనం బయటపడ్డట్టు ఉంటుంది.

ఇంత పనిమంతుడు సినిమాల గొడవలోకి దిగడానికి కారణం బావమరిది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఇనుపగాలి అంటే ప్రాణం పెడతాడు. ఇనుపగాలి ఒక సూపర్‌హీరో. పిడికిలి బిగిస్తే చుట్టూ ఉన్న గాలి ఇనుములా గట్టిపడుతుంది. దాని మీద నడుస్తాడు, దాంతోనే కొడతాడు. ఇప్పటికి ఏడు సినిమాలొచ్చాయి, ఎనిమిదోది రాబోతోంది. చిక్కేమిటంటే సినిమాలు వచ్చిన వరుస వేరు, కథ జరిగిన వరుస వేరు. తీసినవాళ్ళు వెనకది ముందు, ముందుది వెనక తీసి, మధ్యలో ఇద్దరు దర్శకుల్ని మార్చి, ఎక్కడా తేదీ అన్నది సరిగ్గా చూపించకుండా చేతులు దులుపుకున్నారు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని తేల్చుకోవడం అభిమానుల నెత్తిన పడింది. పనీపాటా లేనివాళ్ళ వ్యవహారమని తీసిపారేసేవాళ్ళున్నారు. లిఫ్టు మెకానిక్ రోజుకి పది లిఫ్టుల్లో ఎక్కి దిగుతాడు. ఒక్కటి కూడా అతను వెళ్ళాలనుకున్న చోటికి తీసుకెళ్ళదు. సాయంత్రానికి అతనికి ఇనుపగాలి కావాలి.

అతనితో సమానంగా వాదించేది మందుల షాపు ఆవిడ. సెలూన్‌కి రెండు గుమ్మాల అవతలే ఆవిడ షాపు. ఆవిడ మాట మందు చీటీలా ఉంటుంది: ఏది, ఎంత, ఎన్నిసార్లు, అంతకు మించి ఒక్క అక్షరం ఉండదు. ఈ ఇద్దరూ బుధవారం సాయంత్రాలు సెలూన్ బెంచీ మీద కూర్చుని కొట్టుకునేవారు. మరో ఆరేడుగురు వస్తూ పోతూ ఉండేవారు. తగువు తేలనప్పుడు చేతులెత్తి వోటు వేయడం వాళ్ళ వంతు. అరంగుళం మాత్రం పట్టించుకునేవాడు కాదు. ఆయన దృష్టిలో సినిమా అంటే గడ్డం గీయించుకునే మనిషి కదలకుండా ఉండటానికి పనికొచ్చే వస్తువు.

ఒక రోజు మూడో సినిమాలో రెండు సన్నివేశాల దగ్గర తగువొచ్చింది. హీరో వంతెన మీద నిలబడటం ఒకటి, రైల్లో కూర్చోవడం ఒకటి. మర్నాడేనని మెకానిక్, కాదని మందుల షాపు ఆవిడ. అరంగుళం ఎవరిదో మెడ గీస్తూ, అద్దంలో కనపడుతున్న టీవీ వైపు ఒకసారి కళ్ళెత్తాడు. "వంతెన మీద చెవి మొత్తం బయటికుంది. రైల్లో పై అంచు మునిగింది. ఐదు వారాలు," అని మళ్ళీ మెడ మీదికి వంగాడు. వారం తిరక్కుండా మందుల షాపు ఆవిడ రైల్లో ఒక ముసలాయన చేతిలో పత్రిక, వంతెన పక్క కొట్లో వేలాడుతున్న పత్రిక, రెండూ పెద్దవి చేసి సంచిక నంబర్లు పట్టుకొచ్చింది. లెక్కేస్తే ముప్ఫై ఆరు రోజులు.

ఆ సాయంత్రం ఆవిడ నోటుపుస్తకం తెరిచి, జుట్టు నెలకి అరంగుళం, అని రాసి కింద గీత గీసింది. అరంగుళం పేరు అప్పుడే పడింది.

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. బెంచీ పైన గోడకి ఏడు ప్లాస్టిక్ తాళ్ళు కట్టాడు, సినిమాకొక తాడు. ఒక్కో సన్నివేశానికీ ఒక చీటీ, బట్టల క్లిప్పుతో తాడుకి వేలాడేది. ఏ చీటీ అయినా ఇటు జరపొచ్చు, అటు జరపొచ్చు. చీటీ మూలన హీరో జుట్టు పొడవు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఇదంతా అద్దంలో తిరగబడి కనిపించేది. కాలం కుడి నుంచి ఎడమకి నడిచేది, ముసలి హీరో ముందొచ్చి కుర్ర హీరో తర్వాత వచ్చేవాడు. కొందరు పెద్దమనుషులు అది లాటరీ ఏమో అని కూడా అడిగారు.

బెంచీ మీది బుధవారం గుంపు ఇప్పుడొక సంఘం. దానికి రెండే నిబంధనలు. ఒకటి, తెర మీద కనిపించిందల్లా జరిగినట్టే. రెండు, బయటి కారణం చెల్లదు. నటుడు లావెక్కాడనో, షూటింగ్ ఆలస్యమైందనో, దర్శకుడికి మతిమరుపనో అన్నవాళ్ళు ఆ పూట వెళ్ళి అందరికీ టీ తీసుకురావాలి. హీరోకి పొట్ట వస్తే హీరోకే వచ్చింది. ఎందుకొచ్చిందో కథలోనే వెతకాలి.

ఈ నిబంధనలతో ఆరు సినిమాలు దారికొచ్చాయి. నాలుగోది రాలేదు.

నాలుగో సినిమాలో ఇనుపగాలి సముద్రం అడుగున ఉన్న ఒక ప్రయోగశాలకి వెళ్తాడు. గుమ్మానికి ఏడు మీటల తాళం. వెళ్ళీ వెళ్ళగానే టకటకా ఏడూ నొక్కి, సొంతింటికి వచ్చినవాడిలా లోపలికి నడుస్తాడు. ఆరో సినిమాలో అదే గుమ్మం ముందు అరగంట చెమటలు కక్కుతాడు. ఎవరో చచ్చి, ఏదో పేలి, చివరికి ఆ ఏడు మీటల వరుస తెలుసుకుంటాడు. ఆ వెంటనే మంటలు. జుట్టు మొత్తం కాలిపోయి, తలకి కట్టుతో ఆస్పత్రి మంచం మీద ఉండగా ఆరోది ముగుస్తుంది.

కాబట్టి నాలుగోది ఆరోదాని తర్వాతే జరిగిందని మందుల షాపు ఆవిడ వాదన. ఇంకో సాక్ష్యం కూడా పెట్టింది. ఆరోదాంట్లో వేరే ఊళ్ళో ఉన్న హీరో అక్క, తనకి మూడో నెల అని తమ్ముడికి ఫోన్లో చెప్తుంది. నాలుగోదాంట్లో కడుపుతో తమ్ముడింటికి వస్తుంది. ఆవిడ బల్ల మీద పెట్టుకున్న మాత్రలు, ఆయాసం, కూర్చునే తీరు చూసి ఆరో నెల అని మందుల షాపు ఆవిడ ఢంకా బజాయించింది.

అరంగుళం ఒక్క మాటతో కొట్టేశాడు. ఆరోదాని చివర గుండు. నాలుగోదాంట్లో నాలుగంగుళాల జుట్టు. నాలుగంగుళాలంటే ఎనిమిది నెలలు. మూడో నెలకి ఎనిమిది నెలలు కలిపితే అక్కకి ఎన్నో నెల?

"పదకొండు," అంది మందుల షాపు ఆవిడ, పళ్ళ బిగువున.

"మరి చెప్పండి, మీరు చదువుకున్నవారు."

అందరూ నవ్వారు. చేతులెత్తితే ఆవిడ వైపు ఆవిడ చెయ్యి ఒక్కటే లేచింది. నాలుగోది మూడోదాని తర్వాతకి వెళ్ళింది. మరి ఆ గుమ్మం? అది అలాంటి గుమ్మమే ఇంకోటన్నారు. అక్క కడుపు? అది మొదటి కాన్పు, ఆరోదాంట్లోది రెండోది. ఏడోదాంట్లో ఒక్క పిల్లే కనిపిస్తుంది కదా అంటే, పెద్దది హాస్టల్లో ఉండి ఉంటుందని మెకానిక్ సర్దిచెప్పాడు. పుట్టిన రెండేళ్ళకే హాస్టలా అని మందుల షాపు ఆవిడ అడిగితే, కొన్ని కుటుంబాలు అంతే అన్నాడు. రెండేళ్ళ పాటు ప్రతి బుధవారం ఆవిడ ఆ గుమ్మం మాట ఎత్తడం, అరంగుళం తన నెలకి అరంగుళం లెక్క చెప్పడం, ఆవిడ నోరు మూసుకోవడం. మనసు మాత్రం మార్చుకోలేదు.

ఇలా ఉండగా, ఆ పేటలో మిగిలిన ఒకే ఒక్క పాత సినిమాహాలు మేనేజరు క్షవరానికి వచ్చాడు. అద్దంలో తాళ్ళు చూసి, ఇది చివర్నించి మొదలవుతోందేమిటని అడిగాడు. కుర్చీ తిప్పి చూపించాక పావుగంట చీటీలే చదివాడు. ఎనిమిదో సినిమా వచ్చేముందు శని, ఆదివారాలు హాలు ఖాళీగా ఉంటుందట. ఏడు సినిమాలూ కథ జరిగిన వరుసలో వేద్దాం, వరుస మీరు చెప్పండి, అన్నాడు. పోస్టరు గురువారం ఉదయం అచ్చుకి పోవాలి, బుధవారం రాత్రి లోపల కాగితం ఇస్తే చాలు. అచ్చులో సంఘం పేరు వేస్తారు, కింద 'జుట్టు లెక్క: అరంగుళం' అని కూడా వేస్తారు. ఆ మాట విన్నాక అరంగుళం ఆ తల మీద మామూలుకంటే ఇంకో పది నిమిషాలు పనిచేశాడు.

మంగళవారం సెలూన్‌కి సెలవు. ఆ ఉదయం మేనేజరు నాలుగో సినిమా వేసి, హాల్లో శబ్దం సరిగ్గా వస్తోందో లేదో చూసుకుంటున్నాడు. తీరికగా ఉన్నాడు కదా అని అరంగుళాన్ని పిలిచాడు. ఖాళీ హాలు మధ్యలో ఆయన ఒక్కడే కూర్చున్నాడు. ఇనుపగాలి సినిమాల్ని అంత పెద్ద తెర మీద చూడటం ఆయనకి అదే మొదటిసారి. రెండేళ్ళ పాండిత్యమంతా సెలూన్ మూలన ఉన్న, గోడగడియారం కన్నా కాస్త పెద్దదైన టీవీలోంచి వచ్చింది.

గంట గడిచాక హీరో ఒక గోపురం మీంచి పడతాడు. కెమెరా పైనుంచి చూస్తుంది. తెర నిండా నడినెత్తి. అరంగుళం ముందు సీటు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

నెత్తిన సుడి లేదు.

సుడి లేని తల ఉండదు. కొందరికి కుడివైపు తిరుగుతుంది, కొందరికి ఎడమవైపు, కొందరికి రెండుంటాయి. అసలు లేకపోవడం అన్నది ముప్ఫై ఏళ్ళలో ఆయన చూడలేదు. సినిమా వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట సన్నగా వల అంచు మెరుస్తోంది. గాలి కొట్టినప్పుడు వెంట్రుకలు విడివిడిగా లేవడం లేదు, చాప లేచినట్టు ఒకేసారి లేస్తున్నాయి. విగ్గు. అది కూడా అంత గొప్ప విగ్గేం కాదు. రెండేళ్ళుగా ఆయన కొలిచింది చెవి దగ్గర, మెడ దగ్గర. పెరుగుదల తెలిసేది అక్కడే. నడినెత్తి వైపు కన్నెత్తి చూడలేదు. కొలిచేవాడికి కొలత తీసే చోటే కనిపిస్తుంది. నాలుగంగుళాలు సరిగ్గానే కొలిచాడు, కాకపోతే ఎవరివో వెంట్రుకలు కొలిచాడు.

హాల్లోంచి తిన్నగా భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఒక జోడు కాడకి సన్న మర బిగిస్తూ ఆయన ముఖం చూసి చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది.

"విగ్గు," అన్నాడు ఆయన.

"ఎవరికి?"

"నాలుగో సినిమాలో."

"అయ్యో రాత, ఎవరికేమైందో అని హడలిపోయాను కదండీ." మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది. మొత్తం విన్నాక ఆవిడ అడిగింది ఒక్కటే, ఇది ఇంకెవరైనా కనిపెట్టగలరా అని. లేదన్నాడు. మేనేజరు? అతను శబ్దం వింటున్నాడు. అయితే ఇంకేం బాధ అంది.

ఆయన కాసేపు షాపు గాజుబల్ల మీద వేలితో గీతలు గీశాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడి మాట్లాడుతున్నాను. దిగి, గుడ్డ దులిపేసరికి ఎవడికీ గుర్తుండదు. వీళ్ళు రాసుకున్నారు. రేపు ఇది చెప్తే, ఆ రాసుకున్నదాన్ని ఏం చేస్తారు?"

"మీరు చెప్పకుండా ఉండగలరా?" అంది ఆవిడ జోడు వెలుతురుకి ఎత్తి చూస్తూ. "పెళ్ళయిన మూడో రోజు మా అమ్మ ముందే నా జడ చివర చిట్లిందని చెప్పిన మనిషి మీరు. వెళ్ళండి. ఆ మందుల షాపావిడ ముందు నిలబడి చెప్పండి. ఆవిడ ఎలాగూ నవ్వదు, ఆవిడకి నవ్వడం రాదు."

బుధవారం ఏడు గంటలకి అందరూ వచ్చారు. మేనేజరు కాగితం కోసం వచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు. మెకానిక్ నిండా ఉత్సాహంగా ఉన్నాడు. వరుస మొత్తం పెద్ద అక్షరాలతో రాసి తెచ్చాడు కూడా. అరంగుళం మొదటి కుర్చీ వెనక, ఎవరికో గుండు గీయబోతున్నట్టు నిలబడ్డాడు. చుట్టూ తిప్పి చెప్పడం ఆయనకి రాదు. నాలుగో సినిమాలో హీరోది విగ్గు, నా లెక్క తప్పు, రెండేళ్ళుగా తప్పే చెప్తున్నాను, అనేశాడు. సుడి సంగతి, వల అంచు సంగతి వివరించాడు. మందుల షాపు ఆవిడ వైపు చూడకుండా, పటిక ముక్కకి చెప్తున్నట్టు చెప్పాడు.

ముందుగా తేరుకున్నది మెకానిక్. అతనికి బావని కాపాడుకోవడం ముఖ్యం. చేతిలో ఉన్న కాగితాన్ని కాపాడుకోవడం కూడా.

"బావా, రెండో నిబంధన. నటుడు విగ్గు పెట్టుకోవడం షూటింగువాళ్ళ గొడవ. బయటి కారణం చెల్లదు. మనకి అది జుట్టే. నాలుగంగుళాలంటే నాలుగంగుళాలే."

అందరి ముఖాల్లో వెలుగొచ్చింది. నిబంధనల గొప్పతనం అదే, అవసరమైనప్పుడు అబద్ధానికి కూడా గొడుగు పడతాయి. చేతులెత్తమన్నాడు మెకానిక్. టపటపా లేచాయి. మేనేజరు కూడా ఎత్తాడు, అతనికి వోటు లేదని ఎవరో చెప్తే దించాడు. మందుల షాపు ఆవిడ ఎత్తలేదు. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరంగుళం వైపే చూస్తోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అంతా గట్టెక్కేది. పోస్టరు మీద పేరు, గోడ మీద తాళ్ళు, పుస్తకంలో ఆ మొదటి గీత, అన్నీ ఉన్నచోటే ఉండేవి.

"దించండ్రా చేతులు," అన్నాడు అరంగుళం. "ఇది బయటి కారణం కాదు. నేను షూటింగ్‌కి వెళ్ళలేదు. ఎవరో చెప్తే వినలేదు. తెర మీద కనిపించింది. వల అంచు కనిపించింది. మొదటి నిబంధనేంటి?"

మందుల షాపు ఆవిడ నెమ్మదిగా అంది: "కనిపించిందల్లా జరిగినట్టే."

"ఆఁ."

"అంటే అన్నా, విగ్గు పెట్టుకున్నది నటుడు కాదు. ఇనుపగాలి."

ఆవిడ తొందరపడలేదు. మనిషి విగ్గు ఎందుకు పెట్టుకుంటాడు? జుట్టు లేక. అతనికి జుట్టు లేకుండా పోయింది ఎప్పుడు? ఆరోదాని చివర. అక్కడ ఆగి పెన్ను మూత తీసింది. గెలిచానన్న మాట ఆవిడ నోటంట రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మెకానిక్ ఒప్పుకోలేదు. సూపర్‌హీరోకి విగ్గు దేనికి, గుండుతో తిరిగితే ఎవరొద్దన్నారు, అని లేచాడు. లేచినవాడు అలాగే ఆగిపోయాడు. నాలుగో సినిమా మొదట్లో అక్క ఇంటికొచ్చి తమ్ముడి తల నిమరబోతుంది, అతను చటుక్కున పక్కకి తప్పుకుంటాడు. ఆ ఒక్క కదలిక మీద సంఘం మూడు బుధవారాలు చర్చించింది. అక్కాతమ్ముళ్ళ మధ్య పాత పగ ఉందని తీర్మానించి, ఆ పగకి చిన్నతనం నుంచి కారణాలు కూడా అల్లింది. అల్లినవాడు మెకానిక్కే, నాలుగు పేజీలు.

"పగ కాదు," అన్నాడు అతను, కూర్చుంటూ. "చేతికి విగ్గు తగుల్తుందని. అక్క కడుపుతో ఉంది. మంటల్లో పడ్డాడని తెలిస్తే కంగారు పడుతుందని చెప్పలేదు. బావా, నేను లిఫ్టు గుంటలో పడినప్పుడు అక్కకి ఎన్నాళ్ళ దాకా చెప్పలేదు మనం?"

"నాలుగు నెలలు," అన్నాడు అరంగుళం. "ఇప్పుడు కూడా మెట్ల మీంచి పడ్డావనే అనుకుంటోంది."

అక్కడి నుంచి ఎవరు ఏం మాట్లాడారో విడదీసి చెప్పడం కష్టం. చీటీలు ఊడొచ్చాయి, క్లిప్పులు నేల మీద చిందాయి, హాస్టల్లో ఉన్న పెద్దపిల్ల ఎప్పుడూ పుట్టలేదని తేలిపోయింది. ఆ గందరగోళంలో మందుల షాపు ఆవిడ ఒక ప్రశ్న వేసింది. మంటలకీ నాలుగోదానికీ మధ్య ఎంత కాలం? విగ్గు పెరగదు కాబట్టి జుట్టు సాక్ష్యం ఇక లేదు. తన లెక్క ప్రకారం మూడో నెల నుంచి ఆరో నెల, అంటే సుమారు పన్నెండు వారాలు ఉండాలి. అది మాత్రల మీద ఆధారపడ్డ లెక్క. ఒక్క కాలి మీద నిలబడ్డ లెక్క.

అరంగుళం కుర్చీ వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. నిన్న పెద్ద తెర మీద చూసింది అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. సుడి కోసం వెతుకుతూ దాని విలువ గమనించలేదు. "కనుబొమ్మలు," అన్నాడు. మంటల్లో జుట్టు పోతే కనుబొమ్మలూ పోతాయి. వాటికి విగ్గు పెట్టలేదు. ముక్కు వైపు సగం వచ్చాయి, చివర్లు పల్చగా ఉండి పెన్సిలుతో దిద్దినట్టున్నాయి. పొయ్యి మీదికి వంగి కనుబొమ్మలు కాల్చుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఆయన చేతికిందే కోలుకున్నారు. ఆ స్థితికి రావడానికి ఎంత పడుతుందో ఆయనకి తెలుసు.

"రాసుకోమంటారా?" అంది మందుల షాపు ఆవిడ.

ఆయన వెంటనే చెప్పలేదు. నిన్నటిదాకా అయితే అద్దంలోంచి చూస్తూనే చెప్పేసేవాడు. "రాసుకోండి గాని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి," అన్నాడు. "పదకొండు నుంచి పదమూడు వారాలు. మళ్ళీ ఒకసారి పెద్ద తెర మీద చూసి ఖాయం చేస్తాను."

ఆవిడ రాసింది. ప్రశ్న గుర్తు పెట్టలేదు. పన్నెండు అని తన లెక్క ఉన్న చోటే, దాని పక్కన ఆయన లెక్కని కూడా రాసి, రెండిటి కిందా కలిపి ఒక గీత గీసింది. రాసిందాన్ని కొట్టేయరన్న సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది. మేనేజరు మాత్రం ఇంతకీ కాగితం ఇస్తారా లేదా అని అడిగాడు. రెండు, ఒకటి, మూడు, ఐదు శనివారం. ఆరు, నాలుగు, ఏడు ఆదివారం.

ఆదివారం హాలు నిండలేదు. నిండిందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, ముందు వరసలు మూడు ఖాళీగానే ఉన్నాయి. కళ్ళజోళ్ళ షాపుకి సెలవు కాబట్టి అరంగుళం భార్య కూడా వచ్చింది. రెండేళ్ళుగా ఇంట్లో ఇనుపగాలి మాట తప్ప ఇంకో మాట వినని ఆవిడ, ఆ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. పక్కన తమ్ముడు, వెనక వరసలో మందుల షాపు ఆవిడ. ఉదయం ఆరోది చూసింది. మంటలప్పుడు తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నం నాలుగోది మొదలైంది.

తెర మీద అక్క ఇంటికొచ్చింది. తమ్ముడి తల మీదికి చెయ్యి చాచింది. అతను తప్పుకున్నాడు. అరంగుళం తెర వైపు చూడటం లేదు, భార్య ముఖం వైపు చూస్తున్నాడు. బావమరిది కూడా.

"పాపం, విగ్గు," అంది ఆవిడ. "అక్కకి తెలియకూడదని."

కాసేపటికి గుమ్మం వచ్చింది. హీరో ఏడు మీటలూ టకటకా నొక్కి లోపలికి వెళ్ళాడు. ఆవిడకి అందులో ఆగాల్సిందేమీ కనపడలేదు. పొద్దున్నే నేర్చుకున్నాడు కదా. కాళ్ళు చాపుకుని, మొగుడి వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఇంత తేలిగ్గా ఉందేంటండీ? దీని కోసమా మీరు రెండేళ్ళు కొట్టుకున్నారు?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. మందుల షాపు ఆవిడే. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకి అరంగుళానికి కోపం రావాలి. రాలేదు. సీట్లో వెనక్కి వాలి, "అవును, ఇంతే. చూడు," అన్నాడు. హీరో కనుబొమ్మలు కనిపించగానే మాత్రం ముందుకి వంగి, వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు.